విరిగిన టైగర్ మాత్‌ను మళ్లీ గాల్లోకి లేపడం: పాతకాలపు విమానాల ఆర్సీ (రేడియో కంట్రోల్) మోడళ్ల రిపేరుకు సమగ్ర మార్గదర్శి

క్రాష్ అయిన మోడల్ ఇంటికి చేరగానే చేయి ఫెవిక్విక్ మీదికి పోతుంది. కాస్త ఆగండి. చాలా రిపేర్లు చెడిపోయేది ఆ మొదటి గంటలోనే. ముక్కలు వంకరగా అతుక్కుంటాయి, లోపలి పగులు పైపొర కింద దాక్కుంటుంది. అలాంటి విమానం టేబుల్ మీద బాగానే కనిపిస్తుంది కానీ గాల్లోకి లేచాక ఒక పక్కకు లాగుతుంది. రంగు, నునుపు, గుర్తులు అన్నీ తర్వాత. ముందు చూడాల్సింది విమానం సూటిగా ఉందా, బరువు పెరగకుండా ఉందా అన్న రెండే.

ఉదాహరణకు డి హావిలాండ్ టైగర్ మాత్‌ను తీసుకుందాం. 1931 అక్టోబర్ 26న తొలిసారి ఎగిరిన శిక్షణ విమానం ఇది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మన బేగంపేటలో పైలట్లు మొదటి పాఠాలు నేర్చుకున్నది దీని మీదే. అసలు విమానం రెక్కల వెడల్పు 8.94 మీటర్లు, అంటే ఆరో వంతు మోడల్‌కు సుమారు 1.49 మీటర్లు వస్తుంది. రెండు జతల రెక్కలు, మధ్యలో కర్రలు, తీగలు, పొట్టి ముక్కు, పొడవాటి తోక. రిపేరులో వచ్చే తిప్పలన్నీ ఇందులో ఉన్నాయి. పైపర్ కబ్ లాంటి ఒంటి రెక్క మోడల్ ఉన్నవాళ్లు తీగల భాగం వదిలేసి మిగతాదంతా అలాగే చేసుకోవచ్చు.

బ్యాటరీ సంగతి ముందు

విమానం పడిన చోటికి వెళ్లగానే లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ తీసేయండి. ఉబ్బినా, సొట్ట పడినా, తీయటి వాసన వస్తున్నా దాన్ని కార్లో మిగతా సామానుతో కలిపి పడేయకండి. మట్టి నేల మీద, ఎండిన గడ్డికి దూరంగా కనీసం అరగంట ఉంచి కనిపెట్టుకోండి. దెబ్బ తిన్న సెల్ వెంటనే కాకుండా కాసేపాగి కూడా అంటుకోవచ్చు. ఇంటికి తెచ్చాక ఇసుక పోసిన లోహపు డబ్బాలో, బాల్కనీ లాంటి బయటి చోట పెట్టండి. మళ్లీ ఛార్జ్ చేసే ఆలోచన వద్దు, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇచ్చేయండి. రెండు మూడు వేల రూపాయల బ్యాటరీ కోసం ఫ్లాట్‌ను పణంగా పెట్టే మనుషులు ఉన్నారు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

పైకి బాగానే కనిపించే బ్యాటరీకి సెల్ సెల్‌కు వోల్టేజ్ చూడండి. ఒక సెల్ మిగతావాటికంటే బాగా తక్కువ చూపిస్తే దాన్నీ పక్కన పెట్టాలి.

ముక్కలు ఏరడం, ఫొటోలు తీయడం

గోరంత బాల్సా (మోడళ్లు కట్టే తేలికైన చెక్క) ముక్కనైనా వదలకండి. చెదిరిన ముక్కల అంచులే మీకు కొలతలు. పొడుగ్గా చీలిన చెక్క పీచులు మళ్లీ ఒకదాంట్లో ఒకటి ఒకే ఒక్క తీరులో కూర్చుంటాయి. ఆ అంచుల్ని శాండ్‌పేపర్‌తో నునుపు చేశారంటే ఆ తాళం చెవి పోయినట్టే. కుడి రెక్క, ఎడమ రెక్క, ముక్కు, తోక అని వేరువేరు కవర్లలో వేసి మార్కర్‌తో రాసుకోండి. ఏదీ విప్పకముందే అన్ని వైపుల నుంచి ఫొటోలు తీయండి. సర్వో (రెక్కల, తోక పలకలను కదిపే చిన్న మోటారు) వైర్లు ఎటు నుంచి ఎటు పోయాయో, తీగలు ఏ రంధ్రంలోకి వెళ్లాయో వారం తర్వాత గుర్తుండదు.

ఇప్పుడే విమానాన్ని, ముక్కలతో సహా, వంటింటి డిజిటల్ త్రాసు మీద తూచండి. బ్యాటరీ బరువు విడిగా రాసుకోండి. రిపేరు అయ్యాక ఈ అంకె పనికొస్తుంది.

తనిఖీ: కనబడేదానికంటే కనబడనిది ఎక్కువ

విరిగిన రెక్క ఎవరికైనా కనిపిస్తుంది. కష్టం విరగనట్టు కనిపించే రెక్కతోనే. వెలుతురు ఏటవాలుగా పడేలా కిటికీ పక్కన పట్టుకుని పైపొర ఫిల్మ్ మీద చూడండి. ఒకచోట సన్నటి తెల్ల గీతో, రెండు రిబ్బుల (రెక్కకు ఆకారమిచ్చే అడ్డ పలకల) మధ్య కొత్తగా పడిన ముడతో ఉంటే దాని కింద చెక్క కదిలిందని అర్థం. రెక్క కొసను రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా మెలితిప్పి చూడండి. బాగున్న రెక్క ఒకే తీరున ఎదురు తిరుగుతుంది. పగిలిన రెక్కలో టిక్కుమని చిన్న చప్పుడు వస్తుంది, లేదా ఒకచోట దాటాక ఉన్నట్టుండి వదులుగా తిరుగుతుంది. అనుమానం వచ్చిన చోట ఫిల్మ్ కోసి చూడాల్సిందే. అందమైన ఫిల్మ్‌ను కోయడానికి మనసొప్పదు, కానీ లోపలి పగులుతో ఎగరేయడం కంటే ఒక అతుకు మేలు.

టైగర్ మాత్‌లో తప్పకుండా చూడాల్సిన చోట్లు ఇవి: మోటారు బిగించే ఫైర్‌వాల్, పై రెక్కను ఫ్యూజలాజ్‌కు (విమానం మొండేనికి) కలిపే చిన్న కర్రల మొదళ్లు, కింది రెక్క ఫ్యూజలాజ్‌తో కలిసే చోటు, చక్రాల కాళ్లు కూర్చునే ప్లైవుడ్ పలక. ముక్కు నేలకు కొట్టుకున్నప్పుడు దెబ్బ ముక్కు దగ్గరే ఆగదు. పై రెక్క తన బరువుతో ముందుకు తోసుకుపోతుంది కాబట్టి ఆ చిన్న కర్రల కింది ప్లైవుడ్ పొరలు విడిపోతాయి. సూది మొనతో గుచ్చి చూస్తే పొర లేచిందో లేదో తెలిసిపోతుంది.

ప్రొపెల్లర్ గురించి చర్చ అనవసరం. నేలకు తగిలిన చెక్క ప్రొపెల్లర్‌ను గోడకు వేలాడదీసుకోండి, మోటారుకు మాత్రం మళ్లీ బిగించకండి.

ఇక్కడే ఒక నిర్ణయం తీసుకోవాలి. ఫ్యూజలాజ్ మెలితిరిగిపోయి, రెండు కింది రెక్కలూ మధ్యలో విరిగి ఉంటే ప్లాన్ ముందు పెట్టుకుని కొత్తది కట్టడమే సులువు. పాత దాంట్లోంచి కర్రలు, చక్రాలు, కౌలింగ్ (ముక్కు మీది తొడుగు) వాడుకోవచ్చు. ఒక రెక్క, ముక్కు మాత్రమే పోయుంటే నిస్సందేహంగా రిపేరే.

ఏ జిగురు ఎక్కడ

పీచులు సరిగ్గా కూర్చునే పగుళ్లకు పలుచటి సైనో గమ్ (ఫెవిక్విక్ రకం జిగురు) చాలు. ముందు ముక్కలు సరిగ్గా కూర్చోబెట్టి, తర్వాత ఒక చుక్క వేస్తే అదే లోపలికి పాకుతుంది. మన వానాకాలపు తేమలో సైనో ఇంకా తొందరగా పట్టుకుంటుంది, సర్దుకునే టైమ్ ఇవ్వదు. సీసాను గాలి చొరని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో దాచుకోండి. వాడేముందు బయట పెట్టి, గది వేడికి వచ్చాకే మూత తీయండి.

బాల్సాకు బాల్సా అతికి, తర్వాత శాండ్‌పేపర్ వేయాల్సిన చోట తెల్ల ఫెవికాలే మంచిది. సైనో ఎండితే పక్క చెక్క కంటే గట్టిగా అయిపోతుంది. శాండింగ్ చేస్తే చెక్క అరిగి జిగురు గీతలా పైకి తేలుతుంది. ఫెవికాల్‌కు ఓపిక కావాలి. క్లిప్పులు పెట్టి రాత్రంతా వదిలేయండి, వానాకాలంలో ఇంకాస్త ఎక్కువ. ఫైర్‌వాల్, కాళ్ల పలక, రెక్కల మొదళ్లకు మాత్రం నెమ్మదిగా ఆరే రెండు ట్యూబుల ఎపాక్సీ వాడండి. అయిదు నిమిషాల రకం చిన్న పనులకే బాగుంటుంది. ఎం-సీల్ లాంటి ముద్దలు ఎక్కడా వద్దు, వాటి బరువు విమానానికి పనికిరాదు.

గ్లో ఇంజిన్‌తో (నూనె కలిపిన ఇంధనంతో నడిచే చిన్న ఇంజిన్) ఎగిరిన పాత మోడల్ అయితే ముక్కు చెక్క నూనె తాగి నల్లబడి ఉంటుంది. దాని మీద ఏ జిగురూ పట్టదు. కార్న్‌ఫ్లోర్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో దోశ పిండిలా కలిపి పట్టించి, ఆరాక బ్రష్‌తో దులపండి. పొడి రంగు మారకుండా తెల్లగా రాలేదాకా మళ్లీ మళ్లీ చేయాలి. ఈ పని చేసేటప్పుడు కిటికీలు తెరిచి ఉంచండి, దగ్గర్లో స్టవ్ వెలిగించకండి.

స్పార్ అతకడం

స్పార్ అంటే రెక్క పొడవునా పోయే, బరువు మోసే కర్ర. రిపేరు మొత్తంలో ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సిన చోటు ఇదే. విరిగిన స్పార్ కొసలను ఎదురెదురుగా పెట్టి అతికితే ఆ అతుకు మొదటి లూప్‌లోనే (గాల్లో కొట్టే నిలువు చుట్టు) తెగుతుంది. కొసలను ఏటవాలుగా కోసి, ఒకదాని మీద ఒకటి పడుకునేలా అతకాలి. ఆ ఏటవాలు పొడవు స్పార్ మందానికి ఎనిమిది నుంచి పన్నెండు రెట్లు ఉండాలి. 6 మిల్లీమీటర్ల స్పార్‌కు 60 మిల్లీమీటర్ల ఏటవాలు అనుకోండి.

ముందు విరిగిన చోటు పూర్తిగా కోసేసి, మంచి చెక్క వచ్చేదాకా వెనక్కి వెళ్లండి. రెక్కలో మిగిలిన కొసను కొత్త బ్లేడుతో ఏటవాలుగా చెక్కి, చదునైన చెక్కముక్కకు అతికించిన 240 నంబరు శాండ్‌పేపర్‌తో సరిచేయండి. వేలితో శాండింగ్ చేస్తే మధ్యలో ఉబ్బు, అంచుల్లో గుంత వస్తాయి. కొత్త ముక్కను కూడా అదే కోణంలో చెక్కి రెండూ కలిపి వెలుతురుకు ఎదురుగా పట్టండి. మధ్యలోంచి వెలుతురు గీతలా కనిపిస్తే ఇంకా పని ఉంది. కొత్త ముక్క పాత చెక్క జాతిదే కావాలి. స్ప్రూస్ ఉన్నచోట బాల్సా పెట్టకండి. చెక్క నారలు స్పార్ పొడవునా పారాలి. జిగురు రెండు వైపులా రాసి, కొద్దిసేపు పీల్చుకోనిచ్చి, మళ్లీ పలుచగా రాసి బిగించండి. మధ్యలో పాలిథిన్ కవర్ ముక్క పెట్టకపోతే రెక్క టేబుల్‌కు అతుక్కుంటుంది.

అతుకు పక్కన బలానికి పలుచటి ప్లై ముక్క పెట్టాలనిపిస్తే పెట్టండి, కానీ దాని రెండు కొసలూ కోసుగా చెక్కండి. చతురస్రంగా వదిలేస్తే ఆ గట్టి ముక్క అంచు దగ్గరే తర్వాతి దెబ్బకు స్పార్ విరుగుతుంది. పై స్పార్‌కు, కింది స్పార్‌కు మధ్య అడ్డంగా ఉండే బాల్సా పలకల్లో నారలు నిలువుగా ఉండాలి. చాలామంది అడ్డంగా పెడతారు, అప్పుడవి ఉన్నా లేనట్టే.

ఇదంతా చదునైన పలక మీద జరగాలి. ఫ్లష్ డోర్ ముక్క దొరికితే అంతకు మించింది లేదు, దాని మీద సాఫ్ట్ బోర్డు వేస్తే పిన్నులు దిగుతాయి. గ్రానైట్ కోసే చోట మిగిలిపోయిన ముక్క అడిగితే చవగ్గా ఇస్తారు. అది మరీ చదునుగా ఉంటుంది కానీ పిన్నులు దిగవు, బరువులు పెట్టుకోవాలి. స్క్రూలు, బోల్టులు, చిన్న బేరింగులకు రాణీగంజ్ తిరిగితే సరిపోతుంది. బాల్సా మాత్రం మామూలు టింబర్ డిపోలో దొరకదు, హాబీ షాపుల్లోనో ఆన్‌లైన్‌లోనో తెప్పించుకోవాలి. వచ్చాక పలకలన్నిటినీ తూచి, తేలికవి తోకకు, గట్టివి స్పార్‌లకు అని వేరు చేసుకోండి.

రిబ్బులు, తోక

పోయిన రిబ్‌కు కొలత ఎక్కడో వెతకనక్కర్లేదు. రెండో పక్క రెక్కలో అదే స్థానంలోని రిబ్ ఉంది. దాని ఆకారాన్ని అట్ట మీద గీసి, 2 మిల్లీమీటర్ల ప్లైలో అచ్చు కోసుకుని, దాంతో బాల్సా కోయండి. సగం విరిగిన రిబ్‌ను మొత్తం తీయకుండా పక్కనే పలుచటి తోడు ముక్క అతికినా చాలు.

తోకలో పొదుపుగా ఉండండి. టైగర్ మాత్ ముక్కు పొట్టిది, తోక పొడుగు. తోకలో ఒక గ్రాము పెరిగితే దాన్ని సరిచేయడానికి ముక్కులో అంతకు రెండు మూడు రెట్ల సీసం పెట్టాలి.

ముక్కు

ఫైర్‌వాల్ పగిలితే అతకకండి, మార్చండి. మంచి బర్చ్ ప్లై, పాత దాని మందమే, చుట్టూ లోపలి మూలల్లో త్రికోణపు చెక్క పట్టీలు, ఎపాక్సీ. పాత ఫైర్‌వాల్ తీసేముందు అది ఏ కోణంలో ఉందో కొలుచుకోండి. చాలా మోడళ్లలో మోటారును కొద్దిగా కుడికి, కొద్దిగా కిందికి తిప్పి పెడతారు. అది తయారీలో వచ్చిన వంకర అనుకుని సరిచేస్తే, థ్రాటిల్ ఇచ్చినప్పుడల్లా విమానం ఎడమకు లాగుతుంది. రెక్కలు బిగించే నైలాన్ బోల్టులు తెగి ఉంటే మళ్లీ నైలానే వేయండి. స్టీలు వేస్తే ఈసారి బోల్టుకు బదులు ఫ్యూజలాజ్ చీలుతుంది.

పైపొర

అసలు టైగర్ మాత్‌లో రెక్కలు చెక్కవి, ఫ్యూజలాజ్ చట్రం ఉక్కు గొట్టాలది, పైన గుడ్డ. అందుకే మెరిసే ప్లాస్టిక్ ఫిల్మ్ కంటే, ఇస్త్రీతో అతుక్కునే గుడ్డ రకం కవరింగ్ దీనికి నప్పుతుంది. వేడి ఎంత పెట్టాలో ఆ కవరింగ్ కంపెనీ చెప్పిందే చూసి, ముందు పనికిరాని ముక్క మీద ప్రయత్నించండి. అతుకు ముక్క పాత దాని మీద ఒక సెంటీమీటరు ఎక్కేలా కోయండి. రెక్కకు అడుగు భాగం ముందు, పైభాగం తర్వాత. ఒక్క పక్కనే పూర్తిగా బిగిస్తే రెక్క మెలితిరుగుతుంది కాబట్టి రెండు పక్కలా కొంచెం కొంచెంగా వేడి చేయాలి. ప్లాన్‌లో రెక్క కొసల వెనక అంచు కాస్త పైకి ఉండాలని ఉంటే, వేడి చేసేటప్పుడే ఆ మెలిక పట్టి ఉంచి చల్లారనివ్వండి.

పాత పద్ధతిలో టిష్యూ కాగితం, డోప్ (దాన్ని బిగించే వార్నిష్) వాడేవాళ్లు జులై, ఆగస్టుల్లో ఆ పని పెట్టుకోకపోవడమే మంచిది. గాల్లో తేమ ఎక్కువైతే డోప్ తెల్లగా పాలిపోతుంది. ఎండాకాలంలో ఇంకో తిప్పలు. మే నెల మధ్యాహ్నం పార్కింగ్‌లో ఉన్న కార్లో మోడల్ వదిలేస్తే సాయంత్రానికి కవరింగ్ వదులై వేలాడుతుంది.

రంగుకు శిక్షణ విమానాల పసుపు ఎప్పుడూ బాగుంటుంది, గాల్లో బాగా కనిపిస్తుంది కూడా. భారత వాయుసేన 2012లో ఒక పాత టైగర్ మాత్‌ను మళ్లీ ఎగిరేలా చేసింది. దాని ఫొటోలు చూసి గుర్తులు వేసుకోవచ్చు.

తీగలు, కోణాలు

ముందు తేల్చుకోవాల్సింది: మీ మోడల్‌లో తీగలు బరువు మోస్తున్నాయా, అలంకారానికి ఉన్నాయా? ప్లాన్ చూడండి. మోసేవైతే చేపల గాలానికి కట్టే స్టీలు తీగ వాడి, కొసలు క్రింప్ చేయండి (చిన్న లోహపు గొట్టంలో పెట్టి నొక్కేయండి). అలంకారానికైతే సాగే దారం చాలు.

టైగర్ మాత్ రెక్కలు వెనక్కి వాలి ఉంటాయి. ముందు సీటులోని మనిషి పారాచూట్‌తో సులువుగా బయటపడేలా పై రెక్క మధ్య భాగాన్ని ముందుకు జరిపి, బరువు సరిపోయేందుకు రెక్కలను వెనక్కి వాల్చారు. ఆ వాలు రెండు పక్కలా ఒకేలా ఉందో లేదో చూడటానికి సాగని దారం చాలు. తోక మధ్యలో పిన్ను గుచ్చి, అక్కడి నుంచి ఎడమ రెక్క కొసకు, కుడి రెక్క కొసకు దారం పట్టి కొలవండి. రెండు మూడు మిల్లీమీటర్ల తేడా పర్వాలేదు. సెంటీమీటరు తేడా వస్తే తీగలు బిగించి సరిచేయాలని చూడకండి, అతుకులోనే వంకర ఉంది.

తర్వాత విమానాన్ని వెనక నుంచి, మూడు మీటర్ల దూరంలో ఒక కన్ను మూసుకుని చూడండి. తోక పలక, కింది రెక్క, పై రెక్క మూడూ సమాంతరంగా ఉండాలి. ఆ తర్వాత డిజిటల్ యాంగిల్ గేజ్‌తో పై, కింది రెక్కల కోణాలు కొలిచి ప్లాన్‌తో పోల్చండి. ఒక్క డిగ్రీ తేడా కూడా గాల్లో తెలుస్తుంది.

ఎలక్ట్రానిక్స్

ప్రతి సర్వోనూ ఈ కొస నుంచి ఆ కొస దాకా మెల్లగా తిప్పి చూడండి. ఎక్కడైనా తట్టుకుంటే గేరు పన్ను విరిగిందన్నమాట. కనెక్టర్లు, వైర్లు, హీట్‌ష్రింక్‌ల కోసం కోఠి గుజరాతీ గల్లీకి వెళ్తే ఒకే చుట్టులో పని అయిపోతుంది. మోటారు షాఫ్ట్‌ను చేత్తో తిప్పుతూ కొస ఊగుతోందేమో చూడండి. ప్రొపెల్లర్ లేకుండానే ట్రాన్స్‌మిటర్ ఆఫ్ చేసి, ఫెయిల్‌సేఫ్‌లో (సిగ్నల్ పోయినప్పటి సెట్టింగ్‌లో) మోటారు ఆగుతోందని నిర్ధారించుకోండి.

టైగర్ మాత్‌కు ఐలరాన్లు (విమానాన్ని పక్కకు వాల్చే, రెక్క వెనక అంచులోని పలకలు) కింది రెక్కలకే ఉంటాయి. పైకి ఎక్కువ, కిందికి బాగా తక్కువ కదిలేలా పెట్టండి. లేకపోతే కుడికి తిప్పితే ముక్కు ఎడమకు జరుగుతుంది.

బరువు, సీజీ (బరువు కేంద్రం), మొదటి ఎగరడం

మళ్లీ తూచండి. మొదట రాసుకున్న అంకెకంటే కొద్దిగా పెరగడం మామూలే. బాగా పెరిగితే జిగురు ఎక్కడ ఎక్కువైందో వెతకాలి. బ్యాటరీతో సహా ప్లాన్‌లో గుర్తు పెట్టిన చోట వేళ్ల మీద నిలబెట్టండి. ముక్కు కొద్దిగా కిందికి వాలితే మంచిదే, తోక వాలితే మాత్రం ఎగరేయకండి. రెక్కలను అడ్డంగా కూడా తూచాలి, ఎందుకంటే అతికిన రెక్క బరువై ఉంటుంది. తేలిక రెక్క కొసలో చిన్న సీసం ముక్క పెడితే సరిపోతుంది.

ఎక్కడ ఎగరేయాలన్నది హైదరాబాద్‌లో చిన్న ప్రశ్న కాదు. శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్ అని చుట్టూ రన్‌వేలే. 2021 డ్రోన్ నియమాలు 25 కిలోల లోపు ఉండి, సరదాకో చదువుకో కంటిచూపు దూరంలోనే ఎగరేసేవాటిని మోడల్ కిందే లెక్కేశాయి, కానీ రెడ్ జోన్, యెల్లో జోన్ (అనుమతి లేకుండా ఎగరేయకూడని ప్రాంతాలు) హద్దులు వాటికీ వర్తిస్తాయి. బయలుదేరేముందు డిజిటల్ స్కై (డ్రోన్ల కోసం ప్రభుత్వ వెబ్‌సైట్) మ్యాప్‌లో ఆ చోటు చూసుకోండి. సంక్రాంతి రోజుల్లో ఇళ్ల దగ్గర్లో అసలు వద్దు, గాల్లో మాంజా కంటికి కనిపించదు. గద్దలు తిరుగుతుంటే కాసేపు ఆగండి, అవి మోడల్ మీదికి వస్తాయి.

పొద్దున్నే, గాలి లేవకముందు వెళ్లండి. ముందు రేంజ్ చెక్ (దూరం నుంచి సిగ్నల్ అందుతోందా అన్న పరీక్ష), తర్వాత అన్ని కంట్రోళ్లూ సరైన వైపు కదులుతున్నాయా అని ఇంకొకరితో చూపించుకోండి. రిపేరులో ఐలరాన్ వైర్లు తారుమారు కావడం చాలా మామూలు. గాలికి ఎదురుగా పెట్టి, ఎలివేటర్ (తోకలో కదిలే అడ్డ పలక) కొద్దిగా పైకి పట్టి, థ్రాటిల్ మెల్లగా పెంచండి. తోక లేచాక రడ్డర్‌తో (తోకలో కదిలే నిలువు పలక) సూటిగా ఉంచండి. తొందరపడి లాగకండి, వేగం వస్తే అదే లేస్తుంది. మలుపుల్లో ఐలరాన్‌తో పాటు రడ్డర్ కూడా కలపాలి. ఎత్తుకు వెళ్లాక థ్రాటిల్ తగ్గించి, చేతులు వదిలితే ఎటు లాగుతోందో గమనించండి. మొదటిసారి లూపులు వద్దు.

నాలుగైదు నిమిషాల్లో దించేయండి. దించిన వెంటనే మోటారు, ఇఎస్‌సి (మోటారు వేగాన్ని నియంత్రించే పరికరం) మీద చేయి పెట్టి వేడి చూడండి, బోల్టులన్నీ ఒకసారి తిప్పి చూడండి. స్పార్ అతికిన చోట కవరింగ్ మీద కొత్త ముడత ఏదైనా కనిపిస్తే బ్యాటరీ తీసేసి ఆ రోజుకు ఇంటికి బయలుదేరండి. అక్కడ మళ్లీ కోసి చూడాలి.